టచ్ ట్యాంకు ముందు నిలబడబోయే తమ్ముడికి

తమ్ముడూ,

రిటైరయ్యాక ఇంట్లో పేపరు తిరగేస్తూ కూర్చోకుండా సముద్ర విజ్ఞాన కేంద్రంలో టచ్ ట్యాంకు, అంటే పిల్లలు సముద్ర జీవులను తాకి చూసే తొట్టి, దగ్గర వాలంటీరుగా చేరతానని రాశావు. మంచి పనే. కానీ ఇన్నేళ్ళు బడిలో పాఠం చెప్పినవాడివి, మొదటి రోజే మైకు అందుకుంటావేమోనని నా బెంగ. మొదటి నెల నోరు కట్టేసుకుని నీళ్ళ పని నేర్చుకో. నీళ్ళ సంగతి తెలియకపోతే, నువ్వు పిల్లలకు చూపిస్తున్న జీవి వచ్చే వారానికి ఉండదు.

సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే 100 లీటర్లు మార్చాలంటే మూడున్నర కిలోల పైచిలుకు అక్వేరియం ఉప్పు కావాలి. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం సరిపడా ఉండవు. ముందురోజే వేరే డ్రమ్ములో కలిపి, ఎయిర్ పంపు పెట్టి రాత్రంతా వదిలెయ్యి. ఉప్పు నేరుగా తొట్టిలో పోస్తే కరగని రవ్వలు జీవుల ఒంటిమీద పడి కాలుస్తాయి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో లీటరుకు 33–35 గ్రాముల మధ్య చూపిస్తేనే పొయ్యి.

ఎండాకాలంలో తొట్టిలో నీళ్ళు బెత్తెడు తగ్గుతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ వెలితిని ఉప్పునీళ్ళతో నింపేస్తారు. ఆవిరైంది నీరే, ఉప్పంతా అక్కడే ఉంది కదా! క్లోరిన్ లేని మంచినీళ్ళే పోయాలి. లేకపోతే నాలుగు వారాల్లో ఉప్పదనం పెరిగి ముందు నక్షత్ర చేపలు పోతాయి. వాటికి ఉప్పులో హెచ్చుతగ్గులు బొత్తిగా పడవు.

మైపాడు బీచి పక్కనే ఉంది కదా, సముద్రపు నీళ్ళే క్యాన్లతో పట్టుకొద్దామంటారు ఎవరో ఒకరు. పట్టుకోవచ్చు గానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు. వానలకు పెన్న పారితే ఒడ్డు నీళ్ళలో ఉప్పదనం పడిపోతుంది, ఒండ్రు కలుస్తుంది. మిగతా రోజుల్లో కూడా పోటు మీద, రొయ్యల చెరువుల కాలవ కలిసే చోటుకు దూరంగా పట్టాలి.

అమ్మోనియా టెస్టు కిట్టుతో రోజూ చూడు. సున్నా ఉండాలి. రంగు కొంచెం మారినా ఆ రోజు మేత మానేసి, పాతిక శాతం నీళ్ళు మార్చు. కొత్త నీళ్ళ ఉప్పూ వేడీ తొట్టితో సమానంగా ఉండాలి. ఫిల్టరులో ఆ అమ్మోనియాను హరించే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా తొట్టి నిండా జీవులను దించొద్దు. కరెంటు పోతే ముందు బ్యాటరీ ఎయిర్ పంపు వెయ్యి, మేత వెయ్యకు. ఇంకో మాట: పంపు వైరు సాకెట్టు కంటే కిందికి కాస్త వేలాడేట్టు కట్టు. తీగ వెంట జారిన ఉప్పునీళ్ళు ఆ వంపు దగ్గరే నేలమీదికి కారిపోతాయి, ప్లగ్గులోకి పోవు.

ఇక పిల్లలు. పదిమందికి మించి ఒక్కసారి తొట్టి దగ్గరికి రానివ్వకు. ముట్టేముందు మామూలు నీళ్ళతో చేతులు కడిగించు. శానిటైజరు, సబ్బు జిడ్డు, మన పిల్లల తలకుండే కొబ్బరినూనె, ఏది కలిసినా నీళ్ళు పాడవుతాయి. నూనె పైన తెట్టులా కట్టి గాలి కలవనివ్వదు. తడి చేత్తో, రెండు వేళ్ళతో, జీవి నీళ్ళలో ఉండగానే తాకాలి. నక్షత్ర చేపను పట్టి లాగితే దాని గొట్టపు పాదాలు తెగుతాయి. శంఖంలో కాపురముండే పీతను లాగొద్దు, దాని కడుపు మెత్తన, బయటికి రావడం కంటే తెగిపోవడానికే ఒప్పుకుంటుంది. అది పెరిగాక ఇల్లు మారడానికి కాస్త పెద్ద ఖాళీ శంఖాలు రెండు మూడు తొట్టిలో వేసి ఉంచు. అరగంట తాకించాక ఆ తొట్టికి విరామమిచ్చి రెండో తొట్టికి మార్చు. కోన్ శంఖం, ముల్లున్న టేకు చేప మాత్రం టచ్ ట్యాంకులో వద్దు, రెంటికీ విషం ఉంది.

మాట్లాడాల్సి వచ్చినప్పుడు తెర మీద బొమ్మల ప్రసంగం ఎవరికీ పట్టదు. ఆదివారం ఇంట్లో ఏ చేప వండారని అడుగు. సొరపుట్టు అన్నవాడికి సొరకు ఎముకలే ఉండవనీ, దాని అస్థిపంజరం మన చెవి దొప్పలా మృదులాస్థి అనీ చెప్పు. పండుగప్ప అన్నవాడికి అది మొదట మగదిగా బతికి, పెద్దయ్యాక ఆడది అవుతుందని చెప్పు. అక్కణ్ణుంచి ప్రశ్నలు వాళ్ళే వేస్తారు, పక్కనున్న టీచర్లు "గోల చెయ్యొద్దు" అనకుండా చూసుకుంటే చాలు.

ఒడ్డుకు తీసుకెళ్తే మడమ దాటి నీళ్ళలోకి దిగనివ్వకు. జెల్లీ చేప తగిలితే రుద్దకుండా సముద్రపు నీళ్ళతోనే కడుగు. మంచినీళ్ళు పోస్తే చర్మం మీద మిగిలిన విషపు కణాలు కూడా పేలతాయి. ఊపిరి ఆడడం లేదంటే ఆలస్యం చెయ్యక ఆసుపత్రికి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఫోన్ ఫ్లాష్ వద్దు, ఎర్ర లైటు పెట్టుకో. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుతురున్న దిక్కుకే నడుస్తాయి, ఒడ్డున లైట్లుంటే దారి తప్పుతాయి. చచ్చిన తాబేలు కనిపిస్తే తాకకుండా తేదీ, చోటు, ఫోటో అటవీశాఖకు పంపు. వలలో చిక్కితే ఊపిరాడక చస్తాయి పాపం, అవీ మనలాగే గాలి పీల్చేవే.

వారానికి రెండు పూటలకు మించి ఒప్పుకోకు. తొట్టి మీదికి వంగి వంగి నడుము పోతుంది, ఎత్తు పీట ఒకటి అడుగు. మొదటి రోజుకు జారని రబ్బరు చెప్పులు, తువ్వాలు, నీ బీపీ మాత్రలు, ఉప్పు లెక్కలు రాసుకోవడానికి పెన్సిలూ చిన్న నోటుబుక్కూ పట్టుకెళ్ళు. పెన్నయితే తడి చేతికి సిరా కారుతుంది.

మీ అన్నయ్య
నెల్లూరు