కారు లోన్‌కి ముందు పెట్రోలును యూనిట్లలో లెక్కేయండి

ప్రశ్న: అన్నా, హన్మకొండ నయీంనగర్‌లో ఉంటాం. స్టేషన్ ఘన్‌పూర్‌లో ప్రైవేటు ఉద్యోగం, పోను రాను రోజూ 60 కిలోమీటర్లు బైకు మీదే. మా ఆవిడ హసన్‌పర్తిలో టీచరు, ఆమెకు పాత స్కూటీ ఉంది. ఇద్దరి జీతం కలిపి 62 వేలు. నడుం నొప్పి మొదలైంది, 8 లక్షల లోన్‌తో కారు తీసుకుందామని ఉంది. ఎనిమిదో తరగతి చదివే మా పాపేమో కరెంటు పొదుపు, పర్యావరణం అంటూ ఇంట్లో ఫ్యాన్లు ఆపేస్తూ తిరుగుతోంది. మా మీటరు నెలకు 170 యూనిట్లు తిరుగుతుంది. కారు మాట ఎత్తితే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, పాప చెప్పేది కరెక్టే, కానీ వెతికే చోటే తప్పు. మీ మీటరు నెలకు 170 యూనిట్లు తిరుగుతోందని రాశారు. మరి గేటు దగ్గర నిలబెట్టిన రెండు బండ్లు ఎంత తాగుతున్నాయో ఎప్పుడైనా చూశారా? లీటరు పెట్రోలులో ఉండే శక్తి దాదాపు 9 యూనిట్ల కరెంటుతో సమానం. మీ బైకుకు నెలకు 30 లీటర్లు, స్కూటీకి ఇంకో 13. మొత్తం 43 లీటర్లు, అంటే 387 యూనిట్లు. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, మోటరు అన్నీ కలిపి వాడేదానికి రెండింతల పైనే! పైగా అందులో ముప్పావు వంతు బండిని నడపనే నడపదు, వేడిగా పోతుంది. సైలెన్సర్ తగిలి పిక్క మీద మచ్చ పడ్డవాళ్లకు ఈ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కారు సంగతి. 8 లక్షలు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే ఈఎంఐ 13 వేల పైచిలుకు, వడ్డీయే దాదాపు 3 లక్షలు. అదే ఘన్‌పూర్‌కు కారులో ఒక్కరే పోయొస్తే నెలకు 1,500 కిలోమీటర్లు, లీటరుకు 18 ఇచ్చినా 83 లీటర్లు, లీటరు 108 చొప్పున 9 వేలు. ఈఎంఐతో కలిపి 22 వేలు, ఇంకా ఇన్సూరెన్సు, సర్వీసింగ్ లెక్కలోకే రాలేదు. జీతంలో మూడో వంతు పైనే ఒక మనిషి ఆఫీసుకు పోయి రావడానికి! లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, ఇప్పుడు బైకుతో నెలకు 69 కిలోలు అయ్యేది 190 దాటుతుంది. పాప గొడవ చేయడంలో న్యాయం ఉంది మరి. నేనూ ఒకప్పుడు ఇలాగే ఎగబడి కారు కొన్నా, వారంలో ఐదు రోజులు వేపచెట్టు కింద ఎండుటాకులు మోసింది, ఈఎంఐ మాత్రం ఒక్క నెలా ఆగలేదు.

నా మాటైతే, ముందు రైలు చూడండి. బైకు కాజీపేట స్టేషన్ స్టాండులో పెట్టి ప్యాసింజర్‌లో ఘన్‌పూర్ పోతే, నెల సీజన్ టికెట్టు మీరు ఒక్కసారి ట్యాంకు నింపే డబ్బుకంటే తక్కువే పడుతుంది, నడుముకూ సుఖం. టైమింగ్ కుదరకపోతే బస్సు. లీటరు డీజిలుకు ఐదు కిలోమీటర్లు పోయే బస్సులో యాభై మంది కూర్చుంటే, ఘన్‌పూర్ దాకా ఒక్కొక్కరి వంతు 120 మిల్లీలీటర్లు. మీ బైకుకు అదే దూరానికి 600.

మేడమ్‌గారికి కరీంనగర్ రోడ్డు మీద పోయే ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి జీరో టికెట్టే. పొద్దున రద్దీ ఎట్లుంటుందో తెలుసు, రోజూ పొమ్మని నేను చెప్పను, వారంలో మూడు రోజులు పోయినా చాలు.

రైలు, బస్సు రెండూ కుదరవంటారా, అప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్. కానీ చాలామంది చేసే పొరపాటు మీరు చేయకండి, అది మేడమ్‌గారికి కాదు, మీకు కొనాలి. ఆమె నెలకు తిరిగేది 600 కిలోమీటర్లు, ఆ పెట్రోలు ఆదాతో బండి ఖరీదు రాబట్టాలంటే ఏడేళ్ల పైనే పడుతుంది. మీ 1,500 కిలోమీటర్లకు అయితే 55 యూనిట్లు చాలు. ఇక్కడే ఒక మెలిక ఉంది. మీటరు 200 దాటగానే స్లాబు మారి, మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున పడుతుంది, ఆపైన 7.70. అంటే 55 యూనిట్లకు మీ బిల్లు దాదాపు 540 పెరుగుతుంది. అయినా 3,240 పెట్రోలు పోయి 540 కరెంటు వచ్చింది, లాభమే. లక్షా ఇరవై వేల బండి నాలుగేళ్లలోపే తీరిపోతుంది. తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. (గృహజ్యోతి జీరో బిల్లు వస్తున్నవాళ్లు మాత్రం చార్జింగ్‌తో 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి, జాగ్రత్త.)

కరెంటు కూడా బొగ్గుతోనే కదా అంటారు. నిజమే, మన భూపాలపల్లి చెల్పూరు ప్లాంటు నడిచేది సింగరేణి బొగ్గుతోనే. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకున్నా నెలకు 38 కిలోలు, బైకు 69తో చూస్తే సగానికి దగ్గర.

నడుం నొప్పికి ముందు డాక్టరుకు చూపించుకోండి, ఆ ఫీజు ఈఎంఐ అంత ఉండదు. కట్టబోయిన 13 వేలల్లో 8 వేలు జీతం పడ్డ మరునాడే ఆర్డీకి పోయేట్టు పెట్టండి. యాదగిరిగుట్టకో మేడారానికో పోవాలంటే ఆ రోజుకు కారు అద్దెకు తీసుకోండి. రెండేళ్లకు చేతిలో 2 లక్షలు దాటుతాయి. అప్పటికీ కారు కావాలనిపిస్తే ఆ డబ్బు డౌన్ పేమెంట్ కింద కట్టి, సెకండ్ హ్యాండ్‌ది చూద్దాం.