అత్తకు ఇవ్వని కుంకుమ పొట్లం

ఉత్తరం: మాది అనంతపురం దగ్గర పల్లె. ఉద్యోగం, కాపురం టౌన్లోనే. నాకు 35, నా భార్యకు 31. ఐదేళ్ళ బాబు. పెళ్ళయ్యాక మొదటిసారి మేమిద్దరమే దసరా సెలవుల్లో శ్రీలంక పోయి, కారు అద్దెకు తీసుకుని, నేనే నడుపుతూ తొమ్మిది రోజులు తిరిగాం. మా నాయనకు ఇట్లాంటి ఖర్చులు గిట్టవు. పైగా స్టెంట్ వేసిన మనిషి. అందుకని నేను బెంగళూరులో ట్రైనింగ్‌కు, ఆమె గుంతకల్లులో పుట్టింటికి అని చెప్పి బయల్దేరాం. బాబును అక్కడే వదిలాం. క్యాండీ దాటాక ఘాట్ రోడ్డులో ఆమెకు వాంతులయ్యాయి. ఆ రోజు నుంచి మాట తగ్గించింది. వచ్చి రెండు నెలలైనా ముభావంగానే ఉంది. ఒకసారి మాత్రం 'నేనేమన్నా లేపుకొచ్చినదాన్నా?' అంది. ప్రయాణం బడలికకే విసిగిందనుకుంటున్నాను. సంక్రాంతి తర్వాత బాలీ తీసుకుపోతే మామూలవుతుందా? ఈసారి డ్రైవర్‌ను కూడా పెట్టుకోమంటారా?

జవాబు: డ్రైవర్ సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. పెట్టుకోండి, పెట్టుకోకపోండి, తేడా ఏమీ రాదు. బాలీ గురించి అయితే అసలు ఆలోచించకండి.

ఘాట్ రోడ్డు మీద నెపం వేయకండి. క్యాండీ నుంచి నువర ఎలియాకు 80 కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ రంబొడ దగ్గర ఆ మెలికలు ఎక్కేసరికి ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. పైన ఊరు 1,800 మీటర్ల పైన ఉంది. అక్కడ వాంతి అయితే ఒక నిమ్మకాయ వాసన చూసి, రాత్రి పడుకుంటే తెల్లారేసరికి పోతుంది. రెండు నెలలు ఉండే వాంతి కాదది. ఇక్కడ కుదించి వేశాం గానీ, మీ ఉత్తరం మూడు పేజీలు. రోడ్ల గురించి రెండు పేజీలు రాసి, అసలు విషయాలు మధ్యమధ్య ఒక్కో వాక్యంలో జారవిడిచారు. వాటినే ఏరుకుంటూ చదివాను.

ఎల్లాలో 1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెన దగ్గర ఆమె ఫోటో దిగి స్టేటస్ పెట్టుకుంటే, పది నిమిషాల్లో తీయించేశారు. రోజూ సాయంత్రం మీ అమ్మ వీడియో కాల్ చేసే వేళకు హోటల్ గది కర్టెన్లు మూసి, భార్యను తెల్లగోడ ముందు కూర్చోబెట్టారు. గుంతకల్లు ఇంట్లో ఉన్నట్టు కనిపించాలి కదా! అక్కడ మీ అత్తామామలకు ఒక పని, ఐదేళ్ళ పిల్లాడికి ఒక పని అప్పజెప్పారు. 'అవ్వ ఫోన్ చేస్తే అమ్మ స్నానానికి పోయిందని చెప్పు నాన్నా.' ఆ వాక్యం మీరు ఎంత మామూలుగా రాశారో చూసి నేను కాసేపు కాగితం పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇక టీ పొడి. సింహం బొమ్మ ఉన్న ఆ సిలోన్ టీ డబ్బాలను ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో పడేసి, పొడిని మామూలు కవర్లో పోయించి తెచ్చారు. మీ అమ్మ తాగి, 'పొడి బాగుందే, ఎక్కడ కొన్నావమ్మా' అని మెచ్చుకుంటే, మీ భార్య 'మన బజార్లోనే అత్తా' అంది. మీరు పక్కనే పేపర్ చదువుకుంటున్నారు.

ఆమె లేపుకొచ్చినదాన్నా అని అడగడం ఎందుకో ఇంకా అర్థం కాలేదా? తాళి కట్టి, ఊరంతా భోజనం పెట్టి తెచ్చుకున్న ఇల్లాలు. ఏడేళ్ళ తర్వాత మొగుడితో ఒంటరిగా నాలుగడుగులు వేస్తే దాన్ని దొంగతనం చేశారు మీరు. ఆమె ఎందుకు ఒప్పుకుంది అంటారేమో. ఇన్నేళ్ళకు మొదటి ప్రయాణం, కాదంటే అదీ పోతుందని ఒప్పుకుంది. అది తప్పే, కానీ చిన్న తప్పు.

కాబట్టి ఇది మీ భార్య సమస్య కాదు. మీకూ మీ నాయనకూ మధ్య ఉన్నదే అసలు చిక్కు. 35 ఏళ్ళు వచ్చినా ఆయన ముందు నిలబడి ఒక మాట చెప్పలేకపోతున్నారు. ఆ భయాన్ని ఆమె తల మీద పెట్టి మోయించారు. అక్కడ కారు నడపడానికి మన లైసెన్సు చాలదని పర్మిట్ కోసం నెలరోజులు తిరిగానని రాశారు. అంత ఓపిక ఉన్న మనిషికి ఇంటికి ఒక ఫోన్ కొట్టే ఓపిక లేకపోయింది.

ఎందుకు భయమో కూడా మీరే చెప్పారు. శెనక్కాయ ఊడలు దిగే వేళకు బోరు మోటారు కాలిందని ఆయన 40 వేలు అడిగితే, 'ఈ నెల కుదరదు నాయనా' అన్నారు. అప్పటికే టికెట్లు కొన్నారు. ఇక్కడ నేను మీ పక్షాన ఒక మాట చెబుతాను. కొడుకు సంపాదనలో ప్రతి రూపాయి బోరు గుంతలోకే పోవాలని ఎక్కడా లేదు. మన నేల సంగతి తెలిసిందే, వెయ్యి అడుగులు దింపినా తడి తగలని చోట్లున్నాయి. మీరు 20 వేలు ఇచ్చి, 'మిగతాది దసరా అయినాక ఇస్తా, మేమిద్దరం శ్రీలంక పోతున్నాం' అని ఉండొచ్చు. ఆయన నాలుగు మాటలు అనేవారు. అననీ! తండ్రి నాలుగు మాటలంటే ఇల్లు కూలదు. నేను అనుమతి అడగమనడం లేదు, చెప్పమంటున్నాను. ఈ రెండింటికీ తేడా తెలియకనే మన ఇళ్ళలో సగం అబద్ధాలు పుడతాయి. మా ఇంట్లోనూ 'నాయనకు చెప్పొద్దు' అన్నమాట వింటూనే పెరిగాను, దాని రుచి నాకు తెలుసు.

గుండె జబ్బు మాట అడ్డం పెట్టకండి. వరుసగా పంటలు పోతే చూసి తట్టుకున్న గుండె, కొడుకు లంకకు పోయొచ్చాడంటే ఆగిపోదు. ఆయన పడుకుని లేచాక, టీ తాగాక, నెమ్మదిగా చెప్పండి. అంతే జాగ్రత్త చాలు.

వచ్చే ఆదివారం ఊరికి ఒక్కరే పోండి. భార్యను వెంట తీసుకుపోవద్దు, ఆమెను డాలులా వాడుకోవద్దు. 'ఆమె ముచ్చటపడింది నాయనా' అన్న వాక్యం మీ నోట రాకూడదు. పోదామన్నది మీరు, దాచిందీ మీరు. మోటారు డబ్బులు ఇవ్వాలనుంటే ఇంకో రోజు ఇవ్వండి, అదే రోజు జేబులోంచి తీస్తే జరిమానా కట్టినట్టుంటుంది. వచ్చేటప్పుడు గుంతకల్లు మీదుగా వచ్చి, పెద్దవాళ్ళ చేత అబద్ధం ఆడించినందుకు అత్తామామల ముందు తల వంచండి. పిల్లాడికీ చెప్పండి, అవ్వతో ఆ రోజు అట్లా చెప్పించడం నాన్న తప్పని. ఐదేళ్ళ వాడికి అర్థమవుతుంది.

చివరిగా ఆ కుంకుమ పొట్లం. నువర ఎలియా దగ్గర, రావణుడు సీతమ్మను ఉంచిన చోటని చెప్పుకునే సీత ఎలియా గుడిలో మీ భార్య అత్త పేరు మీద అర్చన చేయించింది. లేపాక్షిలో జటాయువు పడ్డ చోటని మీ అమ్మ ఏటా పోయి దండం పెట్టుకుని వస్తుందని మీరే రాశారు. కథ ఈ కొస మన లేపాక్షిలో ఉంటే ఆ కొస అక్కడుంది. అత్తకు చెబితే మురిసిపోతుందని ఆ పిల్ల ఎంత ఆశపడి ఉంటుంది! 'అమ్మకు చెప్పకు' అని పొట్లం సూట్‌కేసు అడుగున వేయించారు. నిజానికి ఆమె మాట తగ్గింది ఆ మెట్ల మీదే, ఘాట్‌లో కాదు.

అది ఇప్పుడు బీరువాలో ఏ చీర మడతలో ఉందో ఆమెకు తెలుసు. తీసి ఇవ్వమని మీరు చెప్పొద్దు. నాయనతో మాట్లాడి వచ్చానని మాత్రం చెప్పండి. ఆమెకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు తనే తీసుకుపోయి అత్త చేతిలో పెడుతుంది. అప్పుడు పక్కనే నిలబడండి. ఇది ఎక్కడిదే అని మీ అమ్మ అడిగితే, జవాబు మీరు చెప్పండి.