ఊరి బయట తోటలో ఇంటికి ఏ తుపాకీ? మా చిన్నాయన అనుభవంతో చెప్తున్నా

"కర్నూలు దగ్గర తోటలో ఇల్లు కట్టుకున్నాం, దొంగల భయం ఉంది. రివాల్వర్ మంచిదా, డబుల్ బ్యారెల్ మంచిదా? ఏ తూటాలు కొనాలి?" అని అడిగారు.

డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల పొడుగు తుపాకీ. పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత). ఇందులో రెండో మాట లేదు.

పత్తికొండ దగ్గర మా చిన్నాయన తోటలో జేజినాయన కాలం నాటి డబుల్ బ్యారెల్ ఉంది. దాన్ని చూస్తూనే పెరిగాను కాబట్టి చెప్తున్నా, రివాల్వర్ సినిమాల్లోనే బాగుంటుంది. కాన్పూర్‌లో చేసే .32 రివాల్వర్ గొట్టం పొట్టిది. నిద్రమత్తులో, చీకట్లో, చెయ్యి వణుకుతుంటే అది ఎదురుగా ఉన్న గోడకు తగిలినా గొప్పే. ఆడవాళ్ళ కోసమని 2014లో నిర్భీక్ అని అరకిలో బరువున్న రివాల్వర్ తెచ్చారు. అప్పుడు దాని ధర లక్షా ఇరవై వేల పైమాటే. అదే డబ్బు పెడితే అప్పట్లో రెండు మంచి పాడిబర్రెలు వచ్చేవి. ఇక యూట్యూబ్‌లో అమెరికావాళ్ళు చూపించే 9 ఎంఎం పిస్టల్ సంగతి మర్చిపోండి. మన దేశంలో అది నిషేధిత బోరు, మామూలు లైసెన్సు మీద రాదు. ఆ వీడియోలు చూసి మా బావమరిది ఒకడు ఇంటికొచ్చిన ప్రతివాడికీ పాఠాలు చెప్తుంటాడు. వాడు జన్మలో తుపాకీ ముట్టుకున్నవాడు కాదు.

డబుల్ బ్యారెల్ తూటా లోపల చిన్న చిన్న గుండ్లు ఉంటాయి, తూటా నంబరు పెరిగేకొద్దీ అవి సన్నబడతాయి. ఇంటికి 4 గానీ 6 గానీ చాలు. ఎల్జీ, ఎస్జీ పెద్ద గుండ్లు, ఇంట్లో వద్దే వద్దు. పాత మట్టిమిద్దెల గోడలు మూరెడు మందం ఉండేవి, ఏదైనా ఆపేవి. ఇప్పటి ఇళ్ళలో ప్లైవుడ్ తలుపు దాటి పక్క గదిలో పడుకున్న పిల్లకు తగులుతుంది. ఎప్పుడో కొని బీరువా మూల పడేసిన తూటాలను నమ్ముకోకండి, తేమకు పాడవుతాయి.

ఇంతా చెప్పాక అసలు సంగతి. ఆ తుపాకీ అవసరమైన రాత్రి ఇంట్లో ఉండదు.

2024 ఎన్నికలప్పుడు జరిగింది ఇది. ఎలక్షన్ కోడ్ వస్తే మా వైపు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. చిన్నాయన కూడా ఇచ్చేశాడు. ఎండాకాలం కదా, అందరం మిద్దె మీద పడుకున్నాం. నడిరాత్రి దాటాక కుక్క మొరగడం మొదలుపెట్టింది. లేచి చూస్తే వామిదొడ్డి పక్కన లైట్లు ఆర్పేసిన ట్రాలీ ఆటో. ఇద్దరు మనుషులు పొట్టేళ్ళను కాళ్ళు కట్టి ఎక్కిస్తున్నారు. చిన్నాయన దిగ్గున లేచి కిందికి పోయి బీరువా తీశాడు. తుపాకీ లేదని బీరువా తెరిచాకే గుర్తొచ్చినట్టుంది, లోపల్నుంచి ఒక బూతు వినిపించింది. మళ్ళీ పైకి వచ్చేటప్పుడు చేతిలో అడవిపందులను తరమడానికి తెచ్చిన టపాకాయల సంచి ఉంది. ఒక్కొక్కటి అంటించి దొడ్డి వైపు విసిరేశాడు. సీమలో, అదీ ఎన్నికల నెలలో, రాత్రిపూట ఆ చప్పుడు వింటే ఎవడు నిలబడతాడు? ఎక్కించిన ఒక్క పొట్టేలుతో ఆటో పరుగో పరుగు. మిగతావి కట్టిన కాళ్ళతోనే దొడ్డిలో పడున్నాయి.

తెల్లారేసరికి జీపు వచ్చింది. పొట్టేలు కోసం కాదు. "ఏం పెద్దాయనా, ఎలక్షన్ టైంలో బాంబులేస్తున్నారంట?" అని అడిగారు. చిన్నాయన కాగితం ముక్కలు ఏరి చూపించాడు, సంచి చూపించాడు, తుపాకీ అప్పజెప్పిన రసీదు కూడా చూపించాడు. అయినా మధ్యాహ్నం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ఇంట్లో అందరికీ టెన్షన్. పోయిన పొట్టేలు గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాసుకోలేదు. సీమ మనిషి ఇంట్లో ఏది పేలినా బాంబే అనుకుంటారు. సినిమావాళ్ళు మాకు చేసిన మేలు ఇది.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి తుపాకీ లేకపోవడమే మంచిదైంది. చిన్నాయన కోపం నాకు తెలుసు, కాల్చేసేవాడే. రాత్రిపూట తలుపు పగలగొట్టుకొని ఇంట్లోకి చొరబడినవాడి విషయంలో ఆత్మరక్షణ హక్కు ప్రాణం తీసేదాకా కూడా పోతుంది. ఐపీసీలో ఉండేది, ఇప్పుడు న్యాయ సంహితలో 41వ సెక్షన్. అప్పుడు కూడా అవసరానికి మించి కొట్టకూడదు. దొడ్డిలో పొట్టేలు ఎత్తుకుపోతున్నవాడిని కాల్చాలంటే మాత్రం మన ప్రాణానికో, ఒంటికి పెద్ద దెబ్బకో భయపడే పరిస్థితి ఉండాలి. పారిపోయేవాడి వీపు మీద కాలిస్తే ముద్దాయి మనమే, ఆ దొంగేమో మన మీద సాక్షి అవుతాడు.

మీరు ఎలాగూ లైసెన్సు కోసం తిరుగుతారని తెలుసు కాబట్టి ఇదీ చెప్తా. ఆయుధాల చట్టంలోనే, రక్షణ కోసం ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నని బోరు తుపాకీ (మన డబుల్ బ్యారెల్ లాంటిది) అడిగేవాడిని ఒకలా, రివాల్వర్ అడిగేవాడిని ఇంకోలా చూస్తారు. రివాల్వర్‌కు గట్టి కారణం చూపించాలి. రెండింటికీ కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే, పోలీసు రిపోర్టు రావాల్సిందే. ఇంటిపేరు చూసి పాత కక్షల గురించి ఆరా తీస్తారు, విసుక్కోకండి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు అయింది, ఆ ఒక్కటి మేలు. మనిషికి మూడు తుపాకులు ఉండేవి రెండుకు తగ్గించారు. తాతల తుపాకులున్న ఇళ్ళలో దాంతో పెద్ద పంచాయితీలే జరిగాయి.

నన్నడిగితే ముందు రెండు ఊరకుక్కలను సాకండి, దొడ్డికి ఇనుప గేటు, మిద్దె మీద పెద్ద ఫ్లడ్ లైటు పెట్టించండి. తర్వాత డబుల్ బ్యారెల్‌కు అప్లికేషన్ పెట్టుకోండి. రివాల్వరే కావాలంటే మీ ఇష్టం, కానీ దాన్ని నడుముకు పెట్టుకొని పెళ్ళి ఊరేగింపులో పైకి కాల్చకండి. అదే 2019 సవరణలో దానికి రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.