పెళ్లి కాలేదు, గైనిక్ ఓపీకి వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు, హాస్టల్లో ఉంటున్నాను. నెలసరి 10 రోజులు దాటింది. మెడికల్ షాపులో గర్భ పరీక్ష కిట్ కొని సాయంత్రం చూస్తే ఒక్క గీతే వచ్చింది. అయినా అనుమానం పోవడం లేదు. ఆసుపత్రికి వెళ్తే ఇంట్లో చెప్పేస్తారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సాయంత్రం చూసినదాన్ని పూర్తిగా నమ్మకండి. రోజంతా నీళ్లు తాగుతాం కాబట్టి మూత్రంలో గర్భాన్ని తెలిపే హార్మోన్ పలచబడుతుంది. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని శుభ్రమైన కప్పులో పట్టండి. ప్యాకెట్ మీద రాసినన్ని చుక్కలే (సాధారణంగా 2–3) వేసి, 5 నిమిషాలకు చూడండి. కిట్ మీద ‘టి’ అక్షరం దగ్గర గీత లేతగా ఉన్నా గర్భం ఉన్నట్లే. అరగంట తర్వాత తేలిన గీత లెక్కలోకి రాదు. ‘సి’ గీత అసలు రాకపోతే కిట్టే చెడిపోయిందని అర్థం. మళ్లీ నెగెటివ్ వస్తే వారం ఆగి ఇంకోసారి చూసుకోండి. అప్పటికీ నెలసరి రాకపోతే థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల సమస్య) కూడా చూడాలి. ఆశా కార్యకర్తల దగ్గర ‘నిశ్చయ్’ కిట్ ఉచితం.

ఇక ఇంట్లో చెప్పడం గురించి. 18 నిండాయి కాబట్టి పరీక్షకైనా, గర్భస్రావానికైనా మీ ఒక్కరి సంతకం చాలు. కౌంటర్లో ‘భర్త పేరు?’ అని అడగడం అలవాటు, చట్టం కాదు. 1971 గర్భస్రావ చట్టంలో ‘భర్త’ అన్నచోట 2021 సవరణ ‘భాగస్వామి’ అని మార్చింది. వివరాలు బయటపెట్టిన వైద్యులకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. గర్భస్రావానికి 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య కొందరికి ఇచ్చే వెసులుబాటు పెళ్లికానివారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. 18 నిండనివారికి మాత్రం సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి. డాక్టర్ పోలీసులకూ తెలపాలి. అయితే అమ్మాయి, సంరక్షకులు కోరితే పేరు చెప్పనక్కర్లేదని అదే తీర్పులో ఉంది.

ఈ భయంతోనే చాలామంది షాపులో గర్భస్రావం మాత్రలు అడిగి తెచ్చుకుంటారు. అన్నిటికంటే ప్రమాదం అదే. గర్భం గర్భాశయంలో కాక ట్యూబులో నిలిచి ఉంటే ఆ మాత్రలు దాన్ని తీయలేవు, ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ముక్కలు లోపల మిగిలితే రక్తస్రావం ఆగదు. మాత్రలతో చేసే పద్ధతికి 9 వారాలే గడువు, అదీ డాక్టర్ పర్యవేక్షణలోనే. గంటకు రెండు ప్యాడ్లు తడిసి, అలా రెండు గంటలు సాగినా, కడుపులో ఒకవైపే తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి.

ప్రశ్న: వయసు 19. మూత్రానికి వెళ్తే మంట, చీములా కారుతోంది. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ వేస్తే తగ్గి, మళ్లీ మొదలైంది.
– పేరు రాయలేదు

జవాబు: ఇలాంటప్పుడు తరచుగా రెండు ఇన్‌ఫెక్షన్లు కలిసే ఉంటాయి. ఒకదానికే మందు పడితే రెండోది మిగిలిపోతుంది. భాగస్వామికి వైద్యం జరగకపోతే మళ్లీ అంటుకుంటుంది. జిల్లా ఆసుపత్రిలో సుఖవ్యాధుల క్లినిక్ ఎక్కడని అడగండి. మందులు ఉచితం, కౌన్సెలర్ కూడా ఉంటారు. వైద్యం మొదలైన వారం వరకు, ఇద్దరికీ పూర్తిగా తగ్గేవరకు కలయిక వద్దు. అదే రోజు సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయించుకోండి. మీ సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు. ముందే మాట్లాడాలంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితం.