సిలువ మార్గం: బాధనే తలచుకుంటే మనసు ఇంకా కుంగిపోదా?

మీరు అడిగింది ఇది: మీది ప్రొటెస్టెంట్లదైన సీఎస్‌ఐ సంఘం. మీ కాథలిక్ స్నేహితురాలు తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, ప్రతి శుక్రవారం సిలువ మార్గానికి వెళుతుంది, మిమ్మల్నీ రమ్మంటోంది. యేసుకు తీర్పు చెప్పినప్పటి నుంచి సమాధి దాకా జరిగినవాటిని గుళ్లో ఒక్కోచోట ఆగి తలచుకునే ప్రార్థన అది. మీ ఇంట్లో ఇప్పటికే ఒకరు మంచం పట్టి ఉన్నారు. అలాంటప్పుడు ముప్పావుగంట సేపు శ్రమలనే ధ్యానిస్తే మనసు ఇంకా కుంగిపోదా? అసలు మీరు వెళ్లవచ్చా?

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. వెళ్లవచ్చు. గుమ్మం దగ్గర ఏ సంఘమని ఎవరూ అడగరు. తర్వాత పూజ ఉంటే సత్ప్రసాదం, అంటే అందులో పంచే రొట్టె, మాత్రం కాథలిక్కులకే ఇస్తారు.

మొదటి ప్రశ్న నన్నూ కొన్నేళ్లు పీడించింది కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

మా ఇంట్లో రెండు సంఘాలూ ఉన్నాయి. అమ్మది మెదక్ వైపు సీఎస్‌ఐ కుటుంబం, నాన్న కాథలిక్. చిన్నప్పుడు శుభ శుక్రవారం నాడు అమ్మమ్మ ఊళ్లో ఉంటే పన్నెండు నుంచి మూడు వరకు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన, హైదరాబాద్‌లో ఉంటే గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌లో సిలువ మార్గం. అప్పటికి పిల్లలమైన మాకు రెండింటిలోనూ గుర్తున్నది ఆకలి ఒక్కటే. పెద్దయ్యాక తేడా తెలిసింది. ఏడు మాటలు కూర్చుని వినేవి. సిలువ మార్గం నడిచేది.

యెరూషలేము వెళ్లలేనివాళ్లు యేసు సిలువ మోసిన ఆ దారిని తమ ఊరి గుళ్లోనే నడవాలని పుట్టిన భక్తి ఇది. అక్కడి పుణ్యస్థలాల సంరక్షణ 1342 నుంచి ఫ్రాన్సిస్కన్ సభ అనే కాథలిక్ సన్యాసుల చేతిలో ఉంది. ఈ భక్తిని ఊరూరా వ్యాపింపజేసిందీ ఎక్కువగా వాళ్లే. ఎన్ని చోట్ల ఆగాలన్నది చాలాకాలం ఒక్కోచోట ఒక్కో లెక్కగా ఉండేది. 1731లో 12వ క్లెమెంట్ పోపు పద్నాలుగుగా స్థిరపరిచారు. వీటినే మనం స్థలాలు అంటాం. తీర్పుతో మొదలై సమాధితో ముగుస్తాయి. గోడ మీద ఉండవలసింది నిజానికి పద్నాలుగు సిలువలే, బొమ్మలు ఆనవాయితీ. ఇంకో నియమం నాకు భలే ఇష్టం: చేసేవాళ్లు ఒక స్థలం నుంచి మరో స్థలానికి కదలాలి. జనం కిక్కిరిసి ఉంటే నడిపించేవారు కదిలినా చాలు.

ప్రతి స్థలం దగ్గరా ముందు మోకాలూని, నీ సిలువతో లోకాన్ని రక్షించావు కనుక నిన్ను ఆరాధిస్తున్నామని చెబుతాం. ఆ తర్వాతే అక్కడ ఏం జరిగిందో చదువుతారు. కాసేపు మౌనం, ఒక ప్రార్థన, ఒక పాట చరణం, లేచి తర్వాతి స్థలం. ఒక్కోచోట రెండు మూడు నిమిషాలు. అంటే రక్షణ అన్న మాట ముందు వస్తుంది, గాయం తర్వాత వస్తుంది. పద్నాలుగుసార్లూ ఇదే వరస. ముప్పై ఏళ్లు ఆ మాటలు అప్పజెప్పాను గాని ఈ వరస నా బుర్రకు ఎక్కలేదు.

తర్వాత నాన్నకు మూత్రపిండాలు పాడయ్యాయి. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. తెల్లవారుజామున నాలుగింటికి అలారం. వెళ్లగానే బరువు చూస్తారు, అయ్యాక మళ్లీ బరువు. రోజుకు ఇన్ని నీళ్లని కొలత. ఎండాకాలంలో ఒక్క ఐసు ముక్క నోట్లో వేసుకుని, చిన్నపిల్లాడు చాక్లెట్ దాచుకున్నట్టు బుగ్గన దాచుకునేవారు. డయాలసిస్ కోసం ఎడమ చేతిలో ధమనిని సిరతో కలిపిన చోట వేలు ఆనిస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు ఉండేది. ఆ కదలిక ఆగిపోలేదు కదా అని రోజూ పొద్దున్నే చూడటం నా పని.

తమ్ముడు కెనడాలో ఉంటాడు. ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, నువ్వు దగ్గరున్నావు కాబట్టి సరిపోయింది" అనేవాడు. మంచి మనసుతోనే అనేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది. నాన్న మీద ప్రేమ లేక కాదు. ఈ పని నేను కోరుకున్నది కాదు, నా మీద పడింది. ఆ మాట బయటికి అనే ధైర్యం లేదు, ప్రార్థనలో అనే ధైర్యం అంతకన్నా లేదు.

ఆ ఏడాది ఒక శుక్రవారం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాంపల్లిలో దిగి గుడికి చేరేసరికి నాలుగో స్థలం అయిపోయింది. వెనక నిలబడ్డాను. ఐదోది చదువుతున్నారు: కురేనీయుడైన సీమోను యేసుకు సిలువ మోయడంలో సాయపడటం. ప్రసంగాల్లో ఈ సీమోనును పెద్ద సేవకుడిగా పొగడటం చాలాసార్లు విన్నాను. మార్కు సువార్త 15వ అధ్యాయం 21వ వచనం తీసి చూడండి. ఆయన పల్లె నుంచి వస్తూ దారిన పోతున్నాడు. సైనికులు పట్టుకుని బలవంతంగా మోయించారు. ఇష్టపడి మోశాడని గాని, మోశాక సంతోషించాడని గాని అక్కడ లేదు. అయినా పేరు నిలిచింది, అలెక్సంద్రు, రూఫు అనే ఇద్దరు కొడుకుల పేర్లతో సహా.

నాకు కన్నీళ్లేమీ రాలేదు. హమ్మయ్య అనిపించింది, అంతే. ఇష్టం లేకుండా మోసినవాడికి కూడా ఈ దారిలో ఒక స్థలం ఉందని.

మర్నాడు శనివారం, నాలుగింటికి అలారం మామూలుగానే మోగింది. కాకపోతే ఆదివారం తమ్ముడితో, ఆ మాట ఇక అనవద్దనీ, జూన్‌లో రెండు వారాలు వచ్చి ఉండమనీ చెప్పాను. వచ్చాడు. మొదటి రోజు ఆసుపత్రి నుంచి తిరిగివచ్చి గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడు, ఏడు, తొమ్మిది స్థలాల గురించి కూడా చెప్పాలి. మూడింటిలోనూ యేసు కింద పడటమే. సువార్తల్లో ఈ పడిపోవడాల ప్రస్తావన లేదు. ఆరో స్థలంలో యేసు ముఖం తుడిచే వెరోనికా కూడా లేదు. మీ సంఘంలో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే వాదించకండి, నిజమే. పోపు రెండవ జాన్ పాల్ 1991లో రోమ్ కొలోసియంలో, ఆసాంతం సువార్త ఘట్టాలతోనే సాగే మరో వరసను నడిపించారు. మీకు అదే నచ్చవచ్చు. నాకు మాత్రం పాతదే కావాలి. ఏడో స్థలంలో కొత్తగా జరిగేది ఏమీ లేదు, మళ్లీ పడటమే. దీర్ఘరోగి ఉన్న ఇంట్లో రోజులు అలాగే గడుస్తాయి. రక్తపోటు పడిపోయి నాన్న మెట్ల దగ్గర రెండోసారి కూలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

శ్రమల ధ్యానం పేరుతో జరిగే ప్రతిదీ మంచిదని నేను అనను. కొన్నిచోట్ల ఎర్ర రంగు, కొరడా చప్పుళ్లు, మైకులో కేకలు పెట్టి పిల్లల్ని భయపెడతారు. నాకది నచ్చదు. ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, దాచిన పాపం ఏదో ఉండబట్టే నాన్నకు ఈ జబ్బు అని సెలవిచ్చారు. పుట్టు గుడ్డివాడి విషయంలో శిష్యులు ఇలాగే ఎవరి పాపమని అడిగితే, వాడూ కాదు, వాడి కన్నవారూ కాదని యేసు ఇచ్చిన జవాబు యోహాను సువార్త 9లో ఉంది. అమ్మ అది చదివి వినిపించి, ఆయనకు టీ ఇచ్చి పంపించింది.

ఇక కుంగిపోవడం గురించి. నిద్ర పట్టకపోయినా, వారాల తరబడి ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా ముందు డాక్టరును కలవండి, గుడి తర్వాత. ప్రతి ఏడూ వెళ్లి తీరాలనీ లేదు. నాన్న పోయిన ఏడాది నేను వెళ్లలేదు. పదమూడో స్థలంలో యేసు దేహాన్ని సిలువ మీది నుంచి దించుతారు, తల్లి ఒడిలో ఉంచినట్టు బొమ్మ ఉంటుంది. అది చూసి తట్టుకోగలనని అనిపించలేదు. మరుసటి ఏడాది వెళ్లాను.

కొన్నిచోట్ల పునరుత్థానాన్ని పదిహేనో స్థలంగా కలుపుతారు. నాకు సమాధి దగ్గర ఆగి, మాటలు లేకుండా బయటికి రావడమే బాగుంటుంది. పునరుత్థానాన్ని పండుగ చేసుకునే పాస్కా (ఈస్టర్) జాగరణ శనివారం రాత్రి ఎలాగూ వస్తుంది, తొందరెందుకు?

మీ ఇంట్లో ఉన్నవారి కోసం ఒక మాట. కదలలేనివాళ్లు గుడికి రానక్కర్లేదు. ఉన్నచోటే కాసేపు శ్రమలను ధ్యానించుకోవచ్చు. నాన్న చిన్న సిలువ ఒకటి చేతిలో పట్టుకుని పడుకునేవారు, నేను పక్కన కూర్చుని చదివేదాన్ని. ఎప్పుడూ పద్నాలుగూ పూర్తికాలేదు. "ఇవాళ తొమ్మిదోది వదిలెయ్యమ్మా, అలసిపోయాను" అనేవారు. వదిలేసేదాన్ని.

సికింద్రాబాద్ దగ్గరైతే సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ ఉంది. వేళలు, ఏ భాషలో జరుగుతుందన్నది నోటీసు బోర్డులో చూసుకోండి, ఏటా మారుతుంటాయి. మోకాళ్లు నొప్పైతే కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు. గన్‌ఫౌండ్రీకే వచ్చేట్టయితే శుక్రవారం సాయంత్రం అబిడ్స్ మీదుగా కారులో మాత్రం రాకండి. నాంపల్లిలో దిగి నడవండి.