బొరియలోకి వెళ్లిన ఫెరెట్ బయటికి రాకపోతే ఏం చేయాలి?

ఫెరెట్ అంటే ముంగిసలా పొడవుగా ఉండే చిన్న పెంపుడు వేట జంతువు, దాన్ని బొరియలోకి వదిలితే కుందేళ్లు బయటికి దూకి కన్నాల మీద పరిచిన వలల్లో పడతాయి. గంట దాటినా ఫెరెట్ కుందేలు బొరియలోంచి రాలేదు, పొగ పెట్టాలా, నీళ్లు పోయాలా అని అడిగారు. రెండూ వద్దు. పొగ పెడితే ఫెరెట్ బయటికి రాదు, లోపలే ఊపిరాడక చస్తుంది. నీళ్లు పోస్తే మట్టి జారి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. పిలవడం, నేల మీద దబదబా తొక్కడం ఆపేసి ముందు కాసేపు కదలకుండా కూర్చోండి. ఏం చేయాలో వివరంగా చెబుతాను గానీ ఒక్క మాట ముందే చెప్పాలి. లోపలికి వెళ్లిన ఫెరెట్ తిరిగొస్తుందా రాదా అన్నది చాలా మటుకు దాన్ని వదలకముందే తేలిపోతుంది. రోజూ చేతిలోకి ఎలా తీసుకుంటున్నారు, ఆ పొద్దున ఏం తినిపించారు, బొరియ దగ్గరికి ఎంత చప్పుడు లేకుండా నడిచారు, అంతా అక్కడే ఉంది.

అది రాకపోవడానికి కారణాలు ఎన్నో ఉండవు. లోపల కుందేలును చంపి, తిని, దాని పక్కనే ముడుచుకుని పడుకుని ఉండవచ్చు. లేదా కుందేలు చివర మూసుకుపోయిన సందులోకి దూరి, ముఖం గోడ వైపు పెట్టి, వెనక భాగం ఫెరెట్‌కి అడ్డంగా పెట్టి బిగుసుకుని ఉండవచ్చు. మెడ అందదు, ముందుకు పోవడానికి చోటు లేదు. ఫెరెట్ అక్కడే గోళ్లతో దాని వీపు బొచ్చు పీకుతూ ఉండిపోతుంది. ఇలా చిక్కుకున్నది మధ్యలో ఒకసారి బయటికి వచ్చిందంటే గోళ్ల సందుల్లో బూడిదరంగు బొచ్చు చిక్కుకుని కనిపిస్తుంది. అది చూశారంటే లోపల కుందేలు ఉన్నట్టే, మళ్లీ అదే కన్నంలోకి వదలవచ్చు. మూడోది, కాలర్ వదులుగా కట్టడం వల్ల ఏ వేరుకో తగులుకోవడం. చిటికెన వేలు మాత్రమే పట్టేంత బిగువుగా కడితే ఈ బాధ ఉండదు. ఇక నాలుగోదానికి తప్పు ఫెరెట్‌ది కాదు, మనిషిది. అది కన్నం దాకా వస్తుంది, ముక్కు బయట పెడుతుంది, చెయ్యి కనిపించగానే వెనక్కి తగ్గుతుంది.

ఈ నాలుగోదాని గురించే నాకు ఎక్కువ బాధ. కన్నం అంచున ముక్కు కనబడగానే చాలామంది గభాలున చెయ్యి వేసి మెడ పట్టుకుని లాగుతారు. రెండు మూడుసార్లు అలా జరిగితే చాలు, చెయ్యి అంటే ఏమిటో ఆ ఫెరెట్‌కి అర్థమైపోతుంది. ఆ తర్వాత జీవితాంతం అది కన్నంలో దోబూచులాడుతుంది. పూర్తిగా బయటికి రానివ్వాలి. దులుపుకుని, చుట్టూ వాసన చూసుకుని, నాలుగడుగులు వేసేదాకా ఆగాలి. అప్పుడు అరచెయ్యి నేలకి ఆనించి, కింది నుంచి ఛాతీ కింద వేళ్లు పోనిచ్చి ఎత్తాలి. ఫెరెట్ కంటిచూపు అంతంత మాత్రం, అది లోకాన్ని ముక్కుతోనే చూస్తుంది, పైనుంచి దిగే నీడ దానికి గద్ద కిందే లెక్క. పిల్లగా ఉన్నప్పుడే నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపులో పరిగెత్తించి, అవతలి చివర చేతిలో కాలేయం ముక్క పెట్టి, ఎత్తుకుని మళ్లీ వదిలేయడం అలవాటు చేయాలి. ఎత్తుకున్న ప్రతిసారీ పెట్టెలో వేసి మూత వేస్తే, ఎత్తుకోవడం అంటే ఆట అయిపోవడం అని నేర్చుకుంటుంది. పదిసార్లు ఎత్తితే తొమ్మిదిసార్లు తిరిగి వదలండి.

ఆకలి మీద ఉంటే బాగా వేటాడుతుందని ముందురోజు నుంచి మాడ్చే అలవాటు ఒకటి ఉంది. దీనికంటే పనికిమాలిన సలహా ఇంకోటి లేదు. ఫెరెట్ వెళ్లేది ఆకలికి కాదు, బొరియలోకి దూరడం దాని పుట్టుకలోనే ఉంది. ఖాళీ కడుపుతో వెళ్లినది దొరికిన మొదటి కుందేలు దగ్గరే భోజనానికి కూర్చుంటుంది. అలాగని కడుపునిండా పెడితే పని చేయకుండా నిద్రపోతుంది. పొద్దున మామూలుగా పెట్టేదాంట్లో సగం పెట్టండి, దారిలో నీళ్లు ఇవ్వండి. మూతికి చిక్కం కట్టడం కూడా పాత పద్ధతే. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో స్పెయిన్ గురించి రాస్తూ, లిబియా నుంచి తెచ్చిన ఇలాంటి జంతువులకు మూతి కట్టి కన్నాల్లోకి వదిలేవారని చెప్పాడు. అప్పుడు చేశారని ఇప్పుడు చేయనక్కర్లేదు. మూతి కట్టిన ఫెరెట్ తప్పిపోతే తిండి తినలేక చస్తుంది, లోపల ఎలుక ఎదురైతే తనను తాను కాపాడుకోలేదు.

బ్రిటన్‌లో ఈ పనికి కాలం అక్టోబరు నుంచి మార్చి దాకా. కలుపు, ముళ్లపొదలు చచ్చి కన్నాలు కనిపిస్తాయి, లోపల పిల్లలు తక్కువగా ఉంటాయి. పిల్లలు ఉన్న బొరియలోకి వదిలారంటే ఫెరెట్ అక్కడే విందు చేసుకుని పడుకుంటుంది. వసంతంలో, ఎండాకాలంలో తప్పిపోయే ఫెరెట్ల కథలన్నీ ఇలాంటివే. మంచు పడి, గాలి లేని, పొడిగా ఉన్న ఉదయం అన్నింటికన్నా మేలు. వానలో, హోరుగాలిలో కుందేలు బయటికి దూకడానికి ఇష్టపడదు, లోపలే ఫెరెట్ చుట్టూ తిరుగుతుంది, చివరికి ఏదో సందులో చస్తుంది. అప్పుడు తవ్వకం తప్పదు.

వలలు కూడా ఫెరెట్ తిరిగిరావడంలో భాగమే. మూడున్నర, నాలుగడుగుల సంచి వల, రెండంగుళాల కన్ను, రెండు చివర్లా రింగు, మధ్యలోంచి లాగుడు తాడు, దాని చివర కొయ్య మేకు. కింది రింగు కన్నం అడుగున, పై రింగు పైన, మేకు కన్నానికి పై వైపు గట్టిగా దిగాలి. గాలికి ఎదురుగా నడుస్తూ, గుసగుసలు కూడా లేకుండా పరచాలి. ముళ్లపొద కింద ఉన్న చిన్న కన్నాలు వదిలేయకూడదు. కుందేలు సరిగ్గా దాంట్లోంచే పోతుంది, దాని వెనకాలే ఫెరెట్ కూడా పొదలోకి పోతుంది. చిన్న ఆడ ఫెరెట్, అంటే జిల్, వలను కదిలించకుండా కన్నుల్లోంచి జారి వస్తుంది. మగది, అంటే హాబ్, దాదాపు రెండింతలు బరువు, వలలో చిక్కుకుంటుంది, లోపల కుందేలును చంపేసే బలం కూడా దానికే ఎక్కువ. అందుకే ముందు పనికి జిల్. ఆరేడు కన్నాలున్న చిన్న బొరియకి ఒక్కటి చాలు. ఎక్కువ వదిలితే రెండు వైపుల నుంచీ ఒకే కుందేలును ఇరికించేస్తాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కాలర్‌కి ట్రాన్స్‌మిటర్, చేతిలో రిసీవర్ ఉన్న లొకేటర్లు 1970ల్లో వచ్చాక ఈ పని స్వరూపమే మారిపోయింది. రకాన్ని బట్టి 8 నుంచి 16 అడుగుల లోతు దాకా పట్టుకుంటాయి. అంత ఖరీదు పెట్టి కొని పాత బ్యాటరీ వేసి పంపేవాళ్లను ఏమనాలో తెలియదు. పొద్దున కొత్తది వేయండి, మూత మీద ఇన్సులేషన్ టేపు చుట్టండి, వదిలే ముందు రిసీవర్ పక్కన పెట్టి చప్పుడు వినండి. జేబులో మొబైల్, పక్కన విద్యుత్ కంచె ఉంటే రిసీవర్ ఉత్తినే టిక్కుటిక్కుమంటుంది. మొబైల్ దూరంగా పెట్టండి.

సిగ్నల్ ఒకేచోట పది పదిహేను నిమిషాలు నిలిచిపోయింది అనుకుందాం. వెంటనే పార ఎత్తొద్దు. కుందేలు ఇంకా దూకే అవకాశం ఉంది, పైన చప్పుడు చేస్తే అది పోతుంది. చుట్టూ వలలు సరిగ్గా ఉన్నాయా అని చూసి, రిసీవర్‌ను నేలకి దగ్గరగా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. డయల్ ఉన్న రకమైతే అంకె తగ్గించుకుంటూ రండి. ఏ చోట అతి తక్కువ అంకెలో కూడా చప్పుడు ఆగకుండా వినిపిస్తుందో అదే చోటు, ఆ అంకే అడుగుల్లో లోతు. అక్కడ పుల్ల గుచ్చి, రిసీవర్‌ను తొంభై డిగ్రీలు తిప్పి ఇంకోసారి చూడండి. రెండుసార్లూ పుల్ల దగ్గరే వస్తే తవ్వవచ్చు.

గడ్డిని మందంగా చతురస్రంగా కోసి పక్కన పెట్టండి, తిరిగి కప్పడానికి కావాలి. గొయ్యి ఇరుకుగా తవ్వడం మొదటి తప్పు. చెయ్యి భుజం దాకా దిగి తిరిగేంత వెడల్పు లేకపోతే మూడడుగుల లోతులో ఏమీ చేయలేరు. సరిగ్గా ఫెరెట్ నెత్తిమీద కాకుండా ఒక జానెడు పక్కగా దిగండి. ప్రతి అడుగుకీ ఆగి రిసీవర్ పెట్టి చూడండి, మీరు తవ్వుతుండగా అది జరిగిపోయి ఉండవచ్చు. లోతు ఒక అడుగు మిగిలిందనగా గునపం, ఇనుప ఊచ రెండూ పక్కన పడేయండి, పొడిచి చంపిన ఫెరెట్లు తక్కువేం కాదు. అక్కడి నుంచి చిన్న తాపీతో, వేళ్లతో. మట్టి రంగు, మెత్తదనం మారుతుంది. ఒక్కసారిగా వేలు ఖాళీలోకి దిగుతుంది, కిందనుంచి వెచ్చటి కుందేలు వాసన కొడుతుంది. కన్నాన్ని పిడికిలంత పెద్దది చేసి ఆగండి. చాలాసార్లు ఫెరెటే ముక్కు పైకి పెడుతుంది. మట్టి పట్టిన మీసాలు, గోళ్లకి చుట్టుకున్న బొచ్చు. దాన్ని పైకి తీసి పెట్టెలో వేయండి. గొట్టం వెనక వైపును పారతో మూసి, ముందు వైపు చెయ్యి పోనివ్వండి. మెత్తగా తగిలేది కుందేలు వెనక భాగం. వెనక కాళ్లు రెండూ కలిపి పట్టుకుని తీసి, ఆలస్యం చేయకుండా మెడ విరిచేయాలి, దాన్ని బాధపెట్టే హక్కు ఎవరికీ లేదు. తీయగానే మళ్లీ చెయ్యి పెట్టండి. మూసిన సందులో ఒకదాని వెనక ఒకటి, రెండు మూడు కుందేళ్లు ఇరుక్కుని ఉండటం మామూలే.

ఇసుక నేలలో, ఏటవాలు గట్టు కింద ఇలా తవ్వకండి. నడుము దాటిన గొయ్యిలోకి తలకిందులుగా వంగకండి. తవ్విన ప్రతి గొయ్యినీ తొక్కి, పూడ్చి, గడ్డి కప్పండి. పశువు కాలు విరిగితే ఆ పొలంలోకి ఇంకెవరినీ రానివ్వరు. బ్రిటన్‌లో కుందేళ్లు పట్టే హక్కు 1880 నాటి గ్రౌండ్ గేమ్ చట్టం ప్రకారం భూమి సాగు చేసేవాడికీ ఉంటుంది, అతను ఒప్పుకుంటేనే మనం లోపలికి వెళ్లేది. పెద్ద కన్నం, బయట గుట్టగా మట్టి, లాక్కొచ్చిన ఎండుగడ్డి కనిపిస్తే అది బ్యాడ్జర్‌ది, అంటే నేలలో బొరియ తవ్వుకుని ఉండే బలమైన అడవి జంతువుది. బ్రిటన్‌లో 1992 చట్టం కింద దాని జోలికి వెళ్లడమే నేరం, పైగా అందులోకి పోయిన ఫెరెట్ బతికి రాకపోవచ్చు.

లొకేటర్ లేని రోజుల్లో బలమైన హాబ్‌కి పొడుగాటి తాడు కట్టి, గజానికొక ముడి వేసి లోపలికి పంపేవారు. అది జిల్‌ను తరిమేసి కుందేలు దగ్గర తాను కూర్చుంటుంది. ముడులు లెక్కపెట్టి, తాడు వెంబడే తవ్వుకుంటూ పోయేవారు. వేర్లు ఎక్కువ ఉన్న నేలలో తాడే చిక్కుకుని రెండో ఫెరెట్ కూడా లోపలే ఉండిపోయేది. ఇప్పుడు ఆ పద్ధతి అవసరం లేదు.

కాలర్‌లోని ట్రాన్స్‌మిటర్ పనిచేయకపోతే, లేదా అసలు లేకపోతే ఇదొక్కటే దారి. చచ్చిన కుందేలు కడుపు చీల్చి, గాలి లోపలికి పోయే కన్నం ముందు పెట్టండి, వెచ్చటి పేగుల వాసన లోపలికి దూరుతుంది. చీకటి పడేదాకా ఉండండి. ఇంకా రాకపోతే ఒక్క కన్నం తప్ప మిగతావన్నీ గడ్డితో, మట్టితో బిగించి, ఆ ఒక్కదాని ముందు దాని సొంత పెట్టె పెట్టండి. లోపల అది పడుకునే ఎండుగడ్డి, కొంచెం కాలేయం, నీళ్లు. మూత గాలికి పడిపోకుండా కట్టండి. తెల్లారకముందే అక్కడ ఉండాలి, ఎందుకంటే అది లేచి బయల్దేరేది ఆ వేళలోనే. చాలా ఫెరెట్లు పెట్టెలో నిద్రపోతూ దొరుకుతాయి. దొరకకపోతే ప్రాణంతో పట్టే బోనులో కుందేలు మాంసం పెట్టి, ఎండ వాన తగలకుండా కప్పి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తూ వారం పాటు ఉంచండి. చుట్టుపక్కల కోళ్లున్న ఇళ్లకి ఆ రోజే చెప్పి, మీ నంబరు ఇవ్వండి. తప్పిపోయిన ఫెరెట్ కుందేలు వాసన వదిలి ముందు వెళ్లేది కోళ్ల గూటికే. దొరికాక కాలర్ విప్పి, నీళ్లు తాగించి, ముఖం, చెవులు, పొట్ట కింద కాట్లు, పిడుదులు వెతకండి. ఎలుక కాటు పైకి చిన్న చుక్కలాగే ఉంటుంది, లోపల చీము పడుతుంది, దాన్ని ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.