ఎంతమందిలో ఎంతమందికి?

చిరంజీవికి ఆశీస్సులు.

మెర్కెల్ సెల్ కార్సినోమా అనే అరుదైన చర్మ క్యాన్సర్ మందులపై నువ్వు పంపిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు. అయితే అవెలుమాబ్‌ను ‘చర్మ క్యాన్సర్‌కు తిరుగులేని మందు’ అంటున్న ఆ శీర్షిక తీసేయి. 2016లో వెలువడిన ఫలితాలు నీ ముందే ఉన్నాయి కదా: అప్పటికే కీమో తీసుకున్న 88 మందికి ఈ మందు ఎక్కిస్తే 28 మందిలో కణితులు తగ్గాయి. మిగతా 60 మంది నీ వ్యాసంలో ఎక్కడా కనబడలేదు. అరుదైన జబ్బు గురించి రాసేటప్పుడు మందు ఎంతమందికి ఇచ్చారన్నదే ముందు చెప్పాలి.

ఆ 28 మందిని తక్కువ చేయమనడం లేదు. ఈ క్యాన్సర్ కీమోకు త్వరగానే లొంగుతుంది, కొన్ని నెలల్లోనే మళ్లీ తలెత్తుతుంది. అవెలుమాబ్‌తో మేలు పొందినవారిలో ఎక్కువమందికి ఆ మేలు ఆరు నెలలు దాటి నిలిచింది. 2017 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది అది చూసే. పోల్చి చూడడానికి ఆ పరీక్షలో రెండో బృందం లేదని కూడా రాయి. ఇంత అరుదైన జబ్బులో రోగులను కూడగట్టడం ఎంత కష్టమో పాఠకుడు గ్రహిస్తాడు.

‘రోగనిరోధక శక్తిని పెంచుతుంది’ అన్నావు. అది లేహ్యాల ప్రకటనల్లో రాసే మాట. రోగనిరోధక వ్యవస్థలోని టి కణాల మీద పీడీ-1 అనే గ్రాహకం ఉంటుంది. కణితి తన మీదున్న పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌తో దాన్ని పట్టుకుని ఆ కణాలను నిద్రపుచ్చుతుంది. అవెలుమాబ్ పీడీ-ఎల్1ను కప్పేస్తుంది. పెంబ్రోలిజుమాబ్ అనే మరో మందు పీడీ-1 వైపు నుంచి అదే పని చేస్తుంది. అడ్డు తొలగిన టి కణాలు ఒక్కోసారి థైరాయిడ్, కాలేయం, ఊపిరితిత్తుల మీద కూడా పడతాయి. దుష్ప్రభావాలు చెప్పవలసిన చోటు ఇదే, చివరి వాక్యం కాదు.

2008లో కనుగొన్న మెర్కెల్ సెల్ పాలియోమా వైరస్ గురించి నువ్వు రాసింది చదివితే ఎవరికైనా గుండె జారుతుంది. ఈ క్యాన్సర్ కణితుల్లో దాదాపు 80 శాతంలో అది ఉన్నమాట నిజమే. చాలామంది ఒంట్లో ఏ హానీ చేయకుండా ఉంటుందన్నదీ అంతే నిజం. ఆ రెండూ పక్కపక్కనే ఉండాలి.

ఒక్క ప్రశ్న మాత్రం నువ్వు అడగనే లేదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి ఈ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఇవే మందులు వాళ్లకు ఇస్తే శరీరం ఆ కిడ్నీని తిరస్కరించే ప్రమాదం ఉంది. అలాంటి రోగి ఎదుట కూర్చుంటే ఏం చేస్తారో ఒక ఆంకాలజిస్టును అడిగి, ఆ భాగం రాసి పంపు.